హన్మాండ్లు మామ చుట్టాలు

ఆర్మూరు హన్మాండ్లు మామకు పరాయి మనిషి అనేవాడు కనబడడు. ఎదురుగా వచ్చి నిలబడినా కనబడడు. బస్సు దిగినవాడు చెంబెడు మంచినీళ్లు తాగి మూతి తుడుచుకునేలోపు వాడి ఊరు, ఇంటిపేరు, వాడి మేనత్తను ఇచ్చిన ఊరు అన్నీ ఆరా తీసి, ఎక్కడో ఒకచోట వరస కలిపేసేవాడు. కలవకపోతే అది ఆ వరస చేసుకున్న ఖర్మ. మామ ఇంకో దారిన తిరిగొచ్చి మళ్లీ కలిపేవాడు.

ఇది నేను విని చెబుతున్నది కాదు, అనుభవించి చెబుతున్నది. యాభై ఎనిమిదిలో పసుల దవాఖానకు కంపౌండరుగా వచ్చి, ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని బస్టాండు పక్కనుంచి పోతుంటే ఒక అరుగు మీదనుంచి కేక వినబడింది.

"ఏ ఊరు పిలగా?"

"మెట్‌పల్లి దగ్గర వెల్లుల్ల."

"వెల్లుల్లనా!" అరుగు మీది మనిషి లేచి నిలబడ్డాడు. బక్కగా, పొడుగ్గా, పసుపు అంటి అంటి పచ్చబడిపోయిన ధోవతితో ఉన్నాడు. "మా నాయినమ్మ చెల్లెను వెల్లుల్లకే ఇచ్చిండ్రు. ఆమెకు పిల్లలు గాలె. గాలె గని, అయ్యుంటే అచ్చం నీ అసుంటోడే మనుమడు ఉండేటోడు. నువ్వు నాకు అల్లునివి. పెట్టె దించు."

లోపలనుంచి ఆడగొంతు వచ్చింది. "మనకు ఆడివిల్లలే లేరు. అల్లుడు యాడికెల్లి వచ్చిండు?"

"మేనల్లుడే నీలవ్వా! జర చెవులు పెట్టి ఇను."

"నీకు అక్కచెల్లెండ్లు సుత లేరు."

మామ ఒక్క క్షణం ఆలోచించాడు. "ముందుగాల పిలగానికి బువ్వ పెట్టు. ఆకలి మీద వరసలు కుదరయి" అన్నాడు.

ఆ పూట బువ్వ తిన్నవాణ్ని ఆ ఇంటి పక్క అర్రలోనే కాపురం పెట్టాను. లింబాద్రి అనే నా పేరు ఊరు మొత్తం మర్చిపోయింది. బర్రెకు జ్వరం వచ్చినా, ఎద్దుకు కాలు విరిగినా "హన్మాండ్లు అల్లుణ్ని పిలువుండ్రి" అనేవారు. 

అప్పట్లో ఆర్మూరు అంటే పసుపు. మాఘ ఫాల్గుణాలు వస్తే ఊరు ఊరంతా ఉడకబెట్టిన పసుపు వాసన. ఊళ్లో ఉన్నవాళ్లు ఉన్నవాళ్లే. ఎవరు దగ్గినా ఎవరో చెప్పగలిగేవారు. ఆ తర్వాత నా కళ్లముందే ఊరు మారడం మొదలైంది. పెద్ద రోడ్డు మీద లారీలు ఎక్కువయ్యాయి. అరవై మూడులో పోచంపాడు దగ్గర గోదావరి మీద డ్యాం పని మొదలయ్యేసరికి బస్సు బస్సుకూ కొత్త ముఖాలు దిగడం మొదలుపెట్టాయి. పాలమూరు కూలీలు, కోస్తా ఓవర్సీర్లు, అరవ ఇంజనీర్లు, మార్వాడీ బట్టల కొట్లు, పంజాబీ లారీలు. శుక్రవారం అంగట్లో నిలబడితే ఆరు భాషల్లో బేరం వినబడేది. ఊరివాళ్లు ముక్కు మీద వేలేసుకుని చూస్తుంటే, మామ మాత్రం పెళ్లివారిల్లులా కళకళలాడిపోయేవాడు. రోజూ చుట్టాలు రావడమే!

మొదటి పెద్ద చుట్టం కర్తార్ సింగ్. రోడ్డు పక్కన లారీల మరమ్మతు షెడ్డు పెట్టాడు. ఆరడుగుల మనిషి, ఛాతీదాకా గడ్డం. పిల్లలు చూసి పారిపోయేవారు. మామ మాత్రం నేరుగా పోయి గడ్డం కింద నిలబడ్డాడు.

"సర్దార్జీ, ఏ ఊరు?"

"లుధియానా."

"అంతకు ముందుగాల?"

"ముందు భీ లుధియానా హీ."

మామ వదలలేదు. "నాందేడ్ ఎప్పుడన్న పోయినవా?"

"హర్ సాల్ జాతా హూఁ. గురుద్వారా హై నా!"

"అగొ! మా అమ్మ పుట్టింది నాందేడ్ దిక్కే!" మామ ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "మీ దేవుడుండే జాగ, మా అమ్మగారి జాగ ఒక్కటే. అమ్మగారి దిక్కోడంటే మ్యానబావ. పా బావా, ఇంటికి పోదాం."

ఇంట్లో నీలవ్వత్త తలపట్టుకుంది. "నీకు బావ అయితే నాకు అన్న అయితడు గదా. గంత గడ్డమున్న అన్న నాకెవ్వరూ లేరు!"

"లేకుండె. ఇప్పుడున్నడు."

ఆ ఏడు రాఖీ పున్నానికి అత్త గొణుక్కుంటూనే పోయి కర్తార్ సింగ్‌కు రాఖీ కట్టింది. అన్న చీర పెట్టాలి. షెడ్డులో చీరలెక్కడివి? అతను అటూ ఇటూ చూసి, మామ ఎడ్లబండికి రెండు పాత లారీ టైర్లు బిగించి పంపించాడు. రాఖీకి టైర్లు అందుకున్న ఆడబిడ్డ జిల్లా మొత్తం మీద మా అత్త ఒక్కతే. ఆ బండి చప్పుడు లేకుండా మెత్తగా పోతుంటే, అత్త దానిమీద కూర్చుని "మా అన్న పెట్టిండు" అని కనబడిన వాళ్లందరికీ చెప్పేది.

తర్వాత డ్యాం ఓవర్సీరుగారి భార్య అన్నపూర్ణమ్మ. రాజమండ్రి మనిషి. మామ అడగాల్సినవన్నీ అడిగి ఎక్కడా దారి దొరక్క, చివరికి గోదావరిని పట్టుకున్నాడు.

"మా నీళ్లే గదమ్మా మీ దాంక వచ్చేటియి. మేం ఈడ తానం జేస్తే, మీరు ఆడ తాగుతరు. ఒక్క నీళ్లు తాగేటోళ్లు అక్కచెల్లెండ్లు గాకుంటే ఏమైతరు?"

ఆవిడ ముఖం మాడిపోయింది. "మీరు స్నానం చేసిన నీళ్లాండీ మేం ఇన్నాళ్లూ తాగింది?"

అత్త పరువు కాపాడబోయి, "ఆయన మాటకేం గని, తిని పో చెల్లె. మేం దొడ్డు తింటం, మీకు పడ్తదో లేదో" అంది.

అన్నపూర్ణమ్మ ఇంకా గాభరాపడింది. ఆవిడ భాషలో దొడ్డి అంటే చెంబు పట్టుకుని పోయే చోటు. దొడ్డు అంటే లావు బియ్యమని నేను మధ్యలో దూరి చెప్పేదాకా పీట మీద కూర్చోలేదు. కూర్చున్నాక మాత్రం రెండోసారి పెట్టించుకుని తింది. నాలుగు రోజులకు ఆవకాయ జాడీ తెచ్చి, "అక్కయ్యగారూ!" అని వాకిట్లో నిలబడి పిలిచింది.

ఇలా సాగిపోతున్న మామకు మొదటి ఓటమి అన్నమ్మ రూపంలో వచ్చింది. సర్కారు దవాఖానకు నర్సుగా వచ్చింది. కేరళలో కొట్టాయం. తెల్ల చీర, పొడుగాటి జడ, వచ్చీరాని తెలుగు. మామ ఊరు అడిగాడు, వాగు అడిగాడు, కొండ అడిగాడు. ఏదీ కలవలేదు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు.

"నీలవ్వా, మనోళ్లల్ల ఎవలన్న సముద్రం దాంక పోయిండ్రా?"

"నువ్వు బాసర దాటలె. మీ నాయిన బాసర గూడ పోలె. తిను."

"గట్లెట్ల! ఊరికి ఒక పిల్ల వచ్చి, ఎవలకేమీ గాకుంట ఉంటదా?"

చాలా రోజులు మామ చిక్కిపోయి తిరిగాడు. నా మందుల పెట్టెలోంచి ఎడ్లకిచ్చే ఆకలి మందు కొంచెం కలిపి ఇవ్వనా అని అడిగాను కూడా. ఇంతలో అత్త కాలు కొడవలికి తెగి, కట్టు మార్చడానికి అన్నమ్మ ఇంటికి వచ్చింది. వాకిట్లో తవ్వి తెచ్చిన పచ్చి పసుపు కుప్ప పోసి ఉంది. ఆ పిల్ల ఒక కొమ్ము తీసింది. విరిచింది. వాసన చూసింది. అలాగే నిలబడిపోయింది.

"మా వీటి... మా ఇంటి వెనక ఉంది ఇది. అమ్మ పెట్టును. నేను తవ్వును" అంది. కళ్లు నిండాయి.

మామ అరుగు మీదనుంచి ఒక్క దుంకు దుంకాడు. "నీలవ్వా! పసుపు పండే ఇంట్ల పుట్టి పసుపు పండే ఊరికొచ్చింది! ఇది పుట్టిల్లు గాకుంటే ఏంది? బిడ్డే మనకు!"

అత్త అభ్యంతరం చెబుతుందని చూశాను. ఇద్దరు మగపిల్లల్ని కని, ఆడపిల్ల కోసం ఎల్లమ్మకు మొక్కీ మొక్కీ విసిగిన మనిషి. కట్టు కట్టిన కాలితో కుంటుకుంటూ పోయి తలనూనె సీసా, దువ్వెన తెచ్చి, "కూసో బిడ్డా, జడ వేస్త" అంది.

ఇక రాజం సంగతి చెప్పాలి. మార్కెట్ గంజులో పసుపు కొని నిజామాబాదు పంపే వ్యాపారి. చచ్చిపోయిన గంగాదాస్ కొడుకు. గంగాదాస్ మామకు చిన్నమ్మ కొడుకు, అంటే తమ్ముడు. కాబట్టి రాజం మామను పెద్దబాపు అనేవాడు. చెడ్డవాడు కాదు గాని, కొత్తవాళ్లు అంటే సరిపడదు. అన్నమ్మ ఉండేది రాజం వాళ్ల ఇంటి వెనక భాగంలోనే. అది కూడా వాళ్ల అమ్మ సత్తవ్వ ఇప్పించింది.

అరవై ఏడు, పసుపు కాలం. గంజు నిండా బండ్లు, లారీలు. రాజం పొద్దున్నే తెల్ల ధోవతి కట్టుకుని, తను పుట్టి పెరిగిన బజార్లో తన దుకాణం ముందు నిలబడ్డాడు. ఒక లారీ క్లీనరు కుర్రాడు, ఆ దినమే వచ్చినవాడు, రాజం భుజం తట్టి, "జర జరుగు సేటూ. ఏ ఊరు నీది? మాల్ తెచ్చినవా?" అన్నాడు.

అంతే. రాజం ఇంటికి పోయేదాకా ఆ మాటే తలుచుకున్నాడు. "నా ఊర్లె నన్ను ఏ ఊరని అడుగుతడా!" అని. ఇంటికి పోయేసరికి వెనకింట్లోంచి కొబ్బరినూనె పోపు వాసన వచ్చింది. చేపల కూర.

"నెత్తికి పెట్టుకునే నూనెల కూరొండుతరా! ఇది ఊరా, సంతనా?" అని వాకిట్లో నిలబడి అరిచాడు. ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. ఆ కోపం చల్లారక పెద్దమనుషుల్ని కూడేశాడు.

సాయంత్రం గంజులో రేకుల షెడ్డు కింద మీటింగు. పసుపు కుప్పల మధ్య సర్పంచి, పెద్దమనుషులు కూర్చున్నారు. ఆడవాళ్లు ఓ పక్కన నిలబడ్డారు. రాజం లేచి తన మాట చెప్పాడు.

"ఊర్లె చుట్టం ఉన్నోనికే ఇల్లియ్యాలె. ఎవ్వలూ లేనోళ్లు పోయి డ్యాం కాడ గుడిసెలేసుకోవాలె. గిట్లనే ఇడిస్తే రేపు మన పిల్లలు మన మాటనే మర్చిపోతరు."

చాలా తలలు ఊగాయి. అందరి మనసులోనూ కొంచెం కొంచెం ఉన్న మాటే. అన్నమ్మ అత్త పక్కన తల వంచుకుని నిలబడింది. కర్తార్ సింగ్ షెడ్డు స్తంభం చాటున ఒదగాలని చూస్తున్నాడు గాని స్తంభం సరిపోవడం లేదు. నేను మెట్‌పల్లివాణ్ని కదా, మెల్లగా మామ వెనక్కి జరిగాను.

మామ లేచాడు. "మంచి మాట చెప్పినవు రాజం. చుట్టం లేనోనికి ఇల్లు ఎందుకియ్యాలె?"

అందరూ ఆశ్చర్యంగా చూశారు.

"గని అసుంటోడు మనూర్లె ఒక్కడన్న ఉండాలె గదా! గీ సర్దార్ నాకు బావ. ఓవర్సీర్ పెండ్లాం మా ఇంటామెకు చెల్లె. అగో బట్టలకొట్టు మార్వాడాయన నాకు..."

షెడ్డంతా నవ్వులు. సర్పంచి నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాడు. రాజం మాత్రం నవ్వలేదు. ముఖం ఎర్రబడింది. వంగి కుప్పలోంచి దోసెడు పసుపు తీసి మామ ముందు బస్తా మీద పోశాడు.

"నవ్వులాట వద్దు పెద్దబాపు. నేను నీ సొంత తమ్ముని కొడుకును. నాది రక్తం. గీ నర్సమ్మ ఎవలు? పసుపు మీద చెయ్యి పెట్టి చెప్పు, ఆమె నీకు చుట్టమా?"

నవ్వులు ఆగిపోయాయి. పసుపు పండించేవాడు పసుపు మీద అబద్ధపు ఒట్టు పెట్టడు. పెడితే పంట పుచ్చిపోతుందని మా దిక్కు నమ్మకం. ఆ సంగతి రాజంకూ తెలుసు, మామకూ తెలుసు.

మామ నోరు తెరిచాడు. రాజం వైపు చూశాడు. ఏదో అనబోయాడు. ఎందుకో ఆడవాళ్ల వైపు చూశాడు. అక్కడ రాజం తల్లి సత్తవ్వ, కొంగు నోట్లో కుక్కుకుని, ముఖం తెల్లబోయి నిలబడి ఉంది. మామ నోరు మూసుకున్నాడు. వరస అడిగితే హన్మాండ్లు మామ జవాబు చెప్పలేకపోవడం ఊరు ఊరంతా అదే మొదటిసారి చూడటం. అన్నమ్మ అప్పుడే కదలబోయింది, వెళ్లిపోదామని.

"ఆగు బిడ్డా" అన్నాడు మామ. రాజం వైపు తిరిగాడు. "నిజమే రాజం. నిన్నటి దాంక ఆమె నాకు ఏమీ గాదు. నిన్నటి మీద నేను ఒట్టు పెట్ట." బస్తా మీది పసుపులో రెండు చేతులూ మణికట్ల దాకా ముంచాడు. "రేపటి మీద పెడ్త. గీ పసుపు సాక్షి, ఇయ్యాల్టి సంది గీ అన్నమ్మ నా బిడ్డ. ఇగ ఇది అబద్ధం ఎట్లయితదో నువ్వే చెప్పు."

సర్పంచి గొంతు సవరించుకుని, "ఒట్టంటే ఒట్టే" అన్నాడు. "గని గందరికీ గిట్లనే ఒట్టు పెడ్తవా హన్మాండ్లూ?"

"పసుపు చాలకుంటే ఇంటికెల్లి తెప్పిస్త" అన్నాడు మామ. మళ్లీ నవ్వులు. ఆ నవ్వుల్లో తీర్మానం ఎటు కొట్టుకుపోయిందో ఎవరూ పట్టించుకోలేదు.

రాజం ఒక్కడే, "బిడ్డ అయితే నీ ఇంటికే తోల్కపో" అని విసురుగా వెళ్లిపోయాడు.

మామ తోలుకుని వచ్చాడు. తెచ్చాక గాని చోటు సంగతి గుర్తుకు రాలేదు. అందరూ నా వైపు చూశారు.

"పసుల కంపౌండర్‌వి. పసులకాడ పండుకుంటే నీకేం తక్కువ అల్లుడా?" అన్నాడు మామ.

అలా నా మంచం కొట్టంలోకి మారింది. ఒక పక్క బర్రె, ఒక పక్క ఎడ్లు. అయితే కొట్టంలో ఉండటంలో ఒక సౌకర్యం ఉంది. దొడ్డివాకిట్లో ఎవరేం మాట్లాడినా వినబడుతుంది. తెల్లారగానే దొడ్డిదారిన సత్తవ్వ వచ్చింది. పాలు పిండుతున్న అత్త పక్కన కూలబడి ఏడుపు మొదలుపెట్టింది.

"అక్కా, నిన్న బావ నోరు తెర్వంగనే నా పానం పోయింది. అయిపోయింది, నా కొడుకు ఇజ్జత్ పోయింది అనుకున్న."

"ఆయన చెప్తడా సత్తవ్వా?"

"రాజంకు ఎరుక లేదక్కా. వాళ్ల నాయిన మరాట దిక్కు కెల్లి కరువుల ఒక్కడే నడుసుకుంట వచ్చిండని ఎవ్వలు చెప్పలె. మీ మామ, అంటె బావ వాళ్ల నాయిన, చెయ్యి పట్టుకొని 'మా మర్దలు కొడుకు' అని ఊర్ల చెప్పంగనే గదా, ఊరు ఇంత బువ్వ పెట్టింది, పిల్లనిచ్చింది. ఏ పసుపు మీద ఎవలు ఒట్టు పెట్టిండ్రు అప్పుడు? నా కొడుకు రక్తం రక్తం అని ఎగిరితే, బావ ఒక్క మాట అంటే సరిపోతుండె. అనకపాయె."

అత్త చెంబు నిండేదాకా పాలు పిండింది. తర్వాత, "ఏడ్వకు. సల్ల తాగుతవా?" అంది.

సత్తవ్వ చల్ల తాగి, ముఖం తుడుచుకుని ఇంటికి పోయి కొడుకుతో ఏమందో నాకు తెలియదు. తండ్రి సంగతి మాత్రం చెప్పలేదు. పొయ్యి ఆర్పేసి, నర్సమ్మ తిరిగి వచ్చేదాకా వంట లేదని కూర్చుందట. ఒక పూట రాజం బింకంగా ఉన్నాడు. రెండో పూటకు అరుగు ముందు ప్రత్యక్షమయ్యాడు.

"పెద్దబాపు, అమ్మ పంపింది. నర్సమ్మను పిలువు."

"నర్సమ్మ ఎవలు? నా ఇంట్ల నా బిడ్డ ఉన్నది. నా బిడ్డ నీకేమైతది?"

రాజం కాలి బొటనవేలు నేల మీద తిప్పాడు. కాసేపటికి వినీవినబడకుండా, "చెల్లె" అన్నాడు.

"లోపటికి ఇనబడలె."

"చెల్లే! ఇంటికి పా!" అని రాజం బజారంతా వినబడేటట్టు అరిచాడు. అన్నమ్మ కొంగుతో నవ్వు దాచుకుంటూ వచ్చింది. "అన్నా, కొబ్బరినూనె?" అని అడిగింది.

"ఏదన్న పోసుకో" అన్నాడు రాజం. "జర కిటికీ మాత్రం మూసుకో."

నాకు నా అర్ర దక్కింది. ఆ సాయంత్రం మామ అరుగు మీద ఒక్కడే ఉంటే పక్కన కూర్చున్నాను. మనసులో ఉంచుకోలేక అడిగేశాను.

"మామా, కొట్టంల ఉండంగ అంతా ఇనబడ్డది. రాజం అంత మంది ముందట రక్తం అని ఎగిరిండు గదా. గంగాదాస్ ముచ్చట ఒక్కటి చెప్తే ఆడనే నోరు మూసుకుంటుండె. ఎందుకు చెప్పలె?"

మామ నన్ను వింతగా చూశాడు, ఇంత చదువుకున్నవాడికి ఇంత చిన్న సంగతి తెలియలేదా అన్నట్టు.

"నీకేమన్న పిచ్చా అల్లుడా! చెప్తే నాకు ఒక చుట్టం తక్కువైతడు గదా" అన్నాడు.